రేవుపేటలో నా పుస్తకం ఆడిన వానాకాలం

ఒకటి. మృగశిర కార్తె

నా రచనా జీవితం గురించి ఉన్నదున్నట్టు రాయమన్నారు లంగరు ప్రచురణల గోపాళంగారు. రోజువారీ ముచ్చట్లలా రాసుకుంటూ పోతే చాలట. పుస్తకం హిట్టయ్యాక దాంతో పాటు వేస్తారట. హిట్టవకపోతే అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సరే, ఉన్నదున్నట్టే రాస్తాను. ఇంతవరకూ రెండు పుస్తకాలు వేశాను, రెండూ ఎత్తేశారు. మొదటిది మనుషులు చెట్లతో మాట్లాడే కథ. దాన్ని ఐదో మిట్ట మీద ఆడించారు. ఐదో మిట్ట మీద చెట్లు లేవు. జనం రెండు రోజులు కరెంటు స్తంభాలతో మాట్లాడి, ఆ తర్వాత నన్ను తిట్టడం మొదలుపెట్టారు. రెండోది అద్దాలు లేని పేట కథ. సెలూన్ల వాళ్ళంతా కలిసి దాన్ని వారం తిరక్కుండా ఎత్తేయించారు. మూడోదీ పోతే రచయితగా నా పేరు కొట్టేసి పూడిక పడవ ఎక్కిస్తారు. బతికినన్నాళ్ళూ మిట్టల చుట్టూ బురద తోడుకోవడమే.

ఎవరిని తప్పుపట్టను? సముద్రం రాదని నివేదికలు రాసినవాళ్ళు చెప్పారు, వస్తుందని కథలు రాసినవాళ్ళు చెప్పారు. సముద్రం కథలవాళ్ళ మాటే విని డెల్టా అంతా మింగేసింది. అప్పటినుంచి ఈ మిట్టల మీద ఏ కొత్త పద్ధతి పెట్టాలన్నా ముందది కథగా అచ్చవ్వాలి, ఒక పేటలో ఒక వానాకాలం ఆడాలి. ఆడితే అన్ని మిట్టలకీ అదే చట్టం. మా తాతల కాలంలో రచయితల మాట ఇంట్లోవాళ్ళు కూడా వినేవారు కాదట. పాపం, సుఖపడ్డారు.

నా మూడో పుస్తకం పేరు ‘ఖాళీ పీట’. అమ్మని సముద్రం తీసుకెళ్ళాక మా అక్క తాయారు చాలా ఏళ్ళపాటు భోజనాల వేళ అమ్మకి పీట వేసేది. వద్దంటే ఏడ్చేది. ఆ ఏడుపు నాకు పనికొచ్చింది. మనిషి పోకముందే పోవడం అలవాటు చేసేస్తే ఈ ఏడుపులుండవు కదా అన్నది నా ఊహ. కథలో ప్రతి పున్నమికీ ఇంటింటా చీటీలు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళు లేనట్టే. ఇంట్లోనే తిరుగుతారు గానీ ఎవరూ పలకరించరు, వడ్డించరు, పేరెత్తరు. వంటింటి వెనక అరుగు మీద మిగిలిందేదో ఉంటే వాళ్ళే తీసుకు తింటారు. మళ్ళీ పున్నమికి ఇంటిల్లిపాదీ గడపలో నిలబడి మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, నోట్లో ముద్ద పెడతారు. అంతటితో మనిషి తిరిగొచ్చినట్టు.

ఆ తిరిగి రావడం ఆఖరి అధ్యాయం. గోపాళంగారు దాన్ని కోసేశారు.

“అమ్మా వకుళా, పుస్తకమంతా ఏడిపించి ఆఖర్న నువ్వే కళ్ళు తుడుస్తావేంటి? తడి కళ్ళతో పంపాలి పాఠకుణ్ణి,” అన్నారు.

ఒక పూట అలిగి ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయనన్నదే రైటు. అది తీసేశాక పుస్తకం కత్తిలా ఉంది. ముందుమాట రాసిన పెద్దాయన మాత్రం పుస్తకం తెరవలేదు. నా మొదటి పుస్తకానికి రాసిందే పేరు మార్చి ఇచ్చారు. అందులో చెట్లు అలాగే ఉన్నాయి.

రెండు. మృగశిర కార్తెలోనే

ఆడించే పేట కోసం చీటీ తీశారు. రేవుపేట వచ్చింది. మా అక్క ఉండేది అక్కడే.

వేరే పేట కావాలని అడగొచ్చు, రచయితకి ఆ హక్కుంది. కానీ అడిగితే వచ్చే వానాకాలం దాకా ఆగాలి. అప్పటికి గోపాళంగారి బల్ల మీద ఇంకెవరి పుస్తకముంటుందో. అడగలేదు.

ఈ రోజే విడుదల. కొబ్బరికాయ కొట్టారు, దండ వేశారు, శాలువా కప్పారు. మా ఇంట్లో కిటికీలన్నిటికీ శాలువాలే తెరలు, ఇది తలుపుకి వస్తుంది. ఆడబోయే పేటవాళ్ళు మొదటి రోజూ ఆఖరి రోజూ రచయితకి విందు పెట్టాలన్నది ఆచారం. ఎవరి నెత్తిన కథ పడబోతోందో వాళ్ళ చేతి అన్నం తిని మొదలుపెట్టాలన్నమాట. ఈ ఆచారం పెట్టినవాడెవడో గాని నా కన్నా పెద్ద రచయిత.

అక్క పట్టుబట్టి విందు తన ఇంట్లో పెట్టించుకుంది. అసలు బియ్యంతో అన్నం, నాచు పప్పు, రొయ్యపొట్టు వేపుడు. బావ కోదండం రేవు దాటించే పంట్లు బాగుచేస్తాడు, ఆ చేతుల్తోనే విసనకర్ర పట్టుకుని నాకు విసిరాడు. అక్క అత్తగారు వీరమ్మ నా దండలోంచి పువ్వొకటి తుంపి కొప్పులో పెట్టుకుంది. తొమ్మిదేళ్ళ హంస, అక్క కూతురు, మొదటి అధ్యాయం గట్టిగా చదివి వినిపించింది.

“చీటీలు తీసే పూట ఆ ఇంట చెయ్యి కడిగి తిన్నవాళ్ళంతా ఆ ఇంటివాళ్ళే.”

“ఎంత బాగా రాసేవే!” అంది అక్క. వినసొంపుగా ఉంటుందని రాసిన వాక్యం అది, అంతకు మించి ఏమీ లేదు. అక్క అట్ట నిమిరింది. “ఇది మన అమ్మ పీటే కదే?”

“కథ అక్కా, వట్టి కథ.”

“నాకు తెల్దేటి? పేటంతా చెప్పేసేను, మా అమ్మ మీద మా చెల్లి రాసిందని.”

ఆట పెద్ద నాగభూషణం పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. కథ ఏ మాత్రం తప్పకుండా ఆడించడం అతని ఉద్యోగం. “పుస్తకంలో ఉన్నదే పేటలో ఉంటాదండి. లేనిది లేదు. తప్పిన ఇంటికి మంచినీళ్ళ కొళాయి కట్టేత్తాం,” అన్నాడు వినయంగా.

నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

మూడు. పునర్వసు కార్తె

ఆషాఢ పున్నమికి అక్క ఇంట్లో వీరమ్మగారి పేరు వచ్చింది. మర్నాడు చూడటానికి వెళ్ళాను.

ఇల్లంతా నవ్వులే. ముసలమ్మ నోరు మూయించే పుస్తకం ఇన్నాళ్ళకి వచ్చిందని బావ నా వీపు తట్టాడు. వీరమ్మగారు గది గదికీ తిరిగి కొడుకునీ కోడల్నీ శాపనార్థాలు పెడుతోంది. ఎవరూ తల తిప్పడం లేదు. హంస నవ్వాగక నోట్లో కొంగు కుక్కుకుంటోంది, వాళ్ళమ్మ కొంగు.

“పాపం అనిపిత్తాదే ఒక్కోసారి,” అంది అక్క నా చెవిలో. “నెల్లాళ్ళే కదా.”

నేను తలూపాను. నెల్లాళ్ళన్న మాట పుస్తకంలో ఎక్కడుందో ఆ క్షణంలో గుర్తు రాలేదు. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ఆఖరి అధ్యాయంలో ఉంది.

పొద్దున్నే సమీక్ష వచ్చింది. ‘గుండె పిండే రచన, ఆఖరి పేజీ ఎక్కడా జాలి చూపదు’ అని రాశారు. పదిసార్లు చదువుకున్నాను. వీరమ్మగారి సంగతి మళ్ళీ మర్చిపోయాను.

నాలుగు. ఆశ్లేష కార్తె

శ్రావణ పున్నమి నాడు రేవుపేటలో ప్రతి గడపలోనూ జనం ముద్దలు కలుపుకుని నిలబడ్డారట, తమవాళ్ళని పిలుచుకోవడానికి. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మనుషులు కాబట్టి వాళ్ళకే తట్టింది. నాగభూషణం పుస్తకం తీసి అట్ట నుంచి అట్ట దాకా తిరగేసి, “తిరిగి రావడం ఇందులో లేదండి,” అన్నాడట. ముద్దలు వెనక్కి పళ్ళాల్లో వేయించి, కొత్త చీటీలు తీయించాడు. అక్క ఇంట్లో బావ పేరు వచ్చింది.

గోపాళంగారి దగ్గరికి పరుగెత్తాను.

“ఆ అధ్యాయం కలపండి.”

“కలుపుదాం. కలిపితే అది కొత్త పుస్తకం కిందకొస్తుంది, ఇప్పుడాడుతున్నది ఎత్తేసినట్టు. మూడోది. పూడిక పడవలో పై అంతస్తు ఇమ్మని అడుగు, గాలి బాగా వస్తుంది.” ఆయన టీ చల్లార్చుకున్నారు. “ఎందుకమ్మా కంగారు? తిరిగి రావడమనేది రెండో భాగం. ఒక అధ్యాయంలో తేల్చేసే సరుకా అది? వచ్చే ఏడాది దానికో వానాకాలముంది.”

“రెండో భాగం కూడా రేవుపేటలోనే ఆడుతుందా?”

“అది చీటీని బట్టి,” అన్నారు గోపాళంగారు.

ఇంటికొచ్చే దారంతా రెండో భాగానికి పేరు ఆలోచించాను. ఇది చదివేవాళ్ళు నన్ను అసహ్యించుకుంటారని తెలుసు. ఉన్నదున్నట్టు అడిగారు కదా, ఇదీ ఉన్నదే.

ఐదు. పుబ్బ కార్తె

వీరమ్మగారు పోయింది. వెనక అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది.

నేను వెళ్ళేసరికి అక్క వంటింట్లో చేప తోముతోంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. బావ రేవులో పంటు మీద ఒక్కడే కూర్చున్నాడు, తల్లి పోయిందని అతనికి చెప్పే దారి ఎవరికీ లేదు. లేనివాళ్ళు ఒకరికొకరు కూడా లేరని నేనే రాశాను. గోపాళంగారు ఆ వాక్యం కింద గీత గీసి ‘అద్భుతం’ అని పక్కన రాశారు.

పాడె కట్టించమని నేనే అడిగాను. నాగభూషణం చేతులు జోడించాడు. “లేనామెకి కర్మేంటండి? రాసింది తమరే కదండి,” అన్నాడు. పూడిక పడవవాళ్ళు తెల్లారి తీసుకెళ్ళారు.

రేవుపేటలో ఒక చావు జరిగితే ఒక్క కన్నీటిబొట్టు పడలేదని మిట్టలన్నిటికీ వార్త పాకింది. పుస్తకం అనుకున్నది సాధించిందన్నారు. గోపాళంగారు మిఠాయి పంపారు. తిన్నాను. వీరమ్మగారు నా దండలోంచి తుంపిన పువ్వు గుర్తొచ్చి మింగుడు పడలేదు, నీళ్ళు తాగి మింగాను.

ఆరు. ఉత్తర కార్తె

భాద్రపద పున్నమికి అక్క ఇంట్లో రెండే చీటీలు మిగిలాయి. హంస పేరు వచ్చింది.

అక్క పడవ దిగి తిన్నగా నా ఇంటికి వచ్చింది. కాళ్ళు కడుక్కోలేదు, కూర్చోలేదు.

“ఎత్తించెయ్యవే.”

“ఇంకొక్క పున్నమక్కా. చిత్త కార్తెకి ఆట అయిపోతుంది. తర్వాత రెండో భాగంలో అందరూ...”

“నీ బుగ్గలు నొక్కి నోట్లో ముద్దలెట్టి పెంచేనే నిన్ను. అమ్మ పోయేక నువ్వు తినకపోతే రేవంతా తిప్పి తినిపించేను.”

“తెలుసక్కా.”

“తెలిసే సేత్తన్నావా?”

పూడిక పడవ మీద మనుషుల చేతులు చూశాను నేను. వేళ్ళ మధ్య చర్మం ఊడిపోయి ఉంటుంది. ఆ చేతులతో కలం పట్టుకోలేరు. ఆ సంగతి అక్కకి ఎలా చెప్పను?

అక్క గొంతు తగ్గించింది. “మొన్న నీళ్ళు పోతే పోనీ అని సాటుగా పిలిచేను దాన్ని. హంసా అన్నాను. పలకలేదే. ఎనక్కి తిరిగి సూసింది. తన ఎనకాల ఎవరున్నారా, అమ్మ పిలుత్తున్నది ఎవర్నా అని.”

చెబుతూ ఏడ్చేసింది. అక్క ఇంకా ఏడుస్తుండగానే, ఇంత మంచి ముక్క నా పుస్తకంలో ఎందుకు లేదా అని కుళ్ళుకున్నాను. ఆవిడ గుమ్మం దాటగానే రాసిపెట్టుకున్నాను, రెండో భాగానికి.

వెళ్ళేటప్పుడు అక్క తిట్టలేదు. గుమ్మంలో ఆగి, “ఆఖరి రోజు విందు మా ఇంట్లోనే. నువ్వు తప్పకుండా రావాలి,” అంది. మనసు కరిగిందనుకున్నాను. ఎంతైనా పెంచిన చెయ్యి కదా.

ఏడు. చిత్త కార్తె

ఆశ్వయుజ పున్నమి. ఆట ఆఖరి రోజు. వానాకాలం మొత్తం ఆడింది నా పుస్తకం!

పేటలోకి వస్తుంటే వీధిలో సద్దు లేదు. సగానికి సగం మంది లేరు. ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఒకే వీధిలో నడుస్తున్నారు. ఎవరు ఎవరో నాకూ తెలియలేదు, ఎదురైన అందరికీ నమస్కారం పెట్టాను. కొందరు ప్రతినమస్కారం పెట్టారు.

అక్క గుమ్మంలో చెంబుతో ఎదురొచ్చింది. “చెయ్యి కడుక్కో,” అంది. కడుక్కున్నాను. మళ్ళీ అసలు బియ్యంతో అన్నం, నాచు పప్పు, రొయ్యపొట్టు వేపుడు. మా అమ్మ పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. మొదటి ముద్ద తానే కలిపి నా నోట్లో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. క్షమించిందని ఏడ్చాను.

“కడుపు నిండిందా?” అంది.

“నిండిందక్కా.”

“నాగభూషణంగారూ, రండి.”

అతను ముంత తెచ్చాడు. ఆఖరి పున్నమి కూడా పున్నమే కదా, చీటీలు తీయాలి. ఇంట్లో అక్క ఒక్కతే మిగిలింది, ఇంక చీటీ దేనికన్నాను.

“ఒక్కదాన్నేటి? ఇద్దరం,” అంది అక్క. పుస్తకం తెరిచి మొదటి అధ్యాయం చదివింది, హంస చదివినంత స్పష్టంగా. “చీటీలు తీసే పూట ఆ ఇంట చెయ్యి కడిగి తిన్నవాళ్ళంతా ఆ ఇంటివాళ్ళే.”

నాగభూషణం పేజీ చూసి తలూపాడు. “ఉందండి,” అన్నాడు.

అక్కే రెండు చీటీలు రాసి ముంతలో వేసింది. అక్కే తీసింది. వకుళ.

నేను నవ్వాను. “అక్కా, ఇదేం వేళాకోళం?” అన్నాను. అక్క నా విస్తరి తీసి, నేను కూర్చున్న పీట మీద నీళ్ళు చల్లి తుడవబోయింది. నేను లేవకపోతే నా మీద కూడా తుడిచేదే. లేచాను. పీట గోడకి చేరేసింది. నాగభూషణం రచయితకని తెచ్చిన శాలువా ఎవరికి కప్పాలో తెలియక నాలుగు వైపులా చూశాడు. నేను అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను.

ముంతలో మిగిలిన రెండో చీటీ విప్పి చూపించమని అడగాలనుకున్నాను. దాని మీద కూడా నా పేరే ఉంటుందని నా అనుమానం. అడగడానికి నేను లేను.

ఎనిమిది. స్వాతి కార్తె

నా పుస్తకం అన్ని మిట్టలకీ చట్టమైంది. నేను ఏ మిట్ట మీదా లేను.

మొదటి మిట్ట మీద సన్మానం జరిగింది. పంటులో వెళ్ళాను, టిక్కెట్టు ఎవరూ అడగలేదు. దారిలో ఒకావిడ నా ఒళ్ళో చేపల బుట్ట పెట్టుకుంది. సభలో వేదిక మీద ఖాళీ కుర్చీ వేసి, గోపాళంగారు దానికి శాలువా కప్పారు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. నా జీవితంలో అన్ని చప్పట్లు ఎప్పుడూ వినలేదు. కుర్చీ పక్కనే నిలబడి చేతులు జోడించాను.

తర్వాత తిరిగి రావడం అధ్యాయం మళ్ళీ రాశాను. ఇంతవరకూ నేను రాసినవాటిలో అదే బాగుంది, ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. వరద రాని పేటలో, వెన్నెల్లో, గడప గడపకీ పేర్లు వినబడతాయి. దాన్ని గోపాళంగారి బల్ల మీద పెట్టాను. నిలబడే చదివారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఎక్కడో ఒక వాక్యం కొట్టేశారు కూడా, అలవాటుకొద్దీ.

“ఎవరిదమ్మా ఇది?” అని ఆఫీసులో అమ్మాయిని అడిగారు.

“ఎవరూ ఇవ్వలేదండి.”

“ఎవరూ లేని రాత ఎలా వేస్తాం?” అని చెత్తబుట్టలో వేశారు. నేను ఏరుకున్నాను. ఎవరూ అడ్డుపడలేదు.

ఈ జ్ఞాపకాలు కూడా ఇంక ఆయన వేయరు. చేతికి అలవాటై రాస్తున్నాను.

ఈ సాయంత్రం అక్క ఇంటి వెనక అరుగు దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు నా తిండీ అక్కడే. హంస నాకంటే ముందే వచ్చి గిన్నె అడుగు గోకుతోంది. చిక్కిపోయింది. అక్క లోపల దీపం వెలిగిస్తోంది, కిటికీలోంచి కనబడుతోంది. నేను హంసకి ఎదురుగా వెనక గడపలో నిలబడ్డాను. నేను తప్పినా, లేని మనిషి తప్పుకి ఎవరి కొళాయి కట్టేస్తారు?

గిన్నెలో మిగిలిన అన్నం ముద్ద చేశాను.

“హంసా,” అన్నాను. గోకుతూనే ఉంది.

“హంసా!”

లోపల అక్క చేతిలో అగ్గిపుల్ల ఆగింది. తల తిప్పలేదు. పుల్ల వేళ్ళ దాకా కాలింది.

మూడోసారి గొంతు చించుకుని పిలిచాను. హంస గోకడం ఆపింది. తలెత్తింది. ముద్ద పట్టుకున్న నా చెయ్యి ఆ పిల్ల నోటికి జానెడు దూరంలో ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి, తన వెనక ఎవరున్నారా అని చూసింది. గోడ తప్ప ఎవరూ లేరు. మళ్ళీ గిన్నె వైపు తిరిగింది.

ఆ ముక్క నేను ముందే రాసిపెట్టుకున్నాను.